పదిన్నరకు తిరగాలి

జనవరి 27, మంగళవారం

ముందుగా ఒక మాట సరిదిద్దాలి. సారం పేట అంగళ్ళలోనూ, మా కాలనీలోనూ తిరుగుతున్న కథనం ప్రకారం వేదవల్లి కొండమీది నుంచి పడింది, తుంటి విరిగింది, నీళ్ళ పరీక్షల ల్యాబు మూసేస్తోంది. మూడూ తప్పే. నేను పడలేదు. డెబ్బై మూడేళ్ళ నా ఎముకలన్నీ వాటి వాటి చోట్లనే ఉన్నాయి. ల్యాబు రోజూ తొమ్మిదింటికి తెరుచుకుంటోంది. తాళం తీసేది నేనే.

పడింది అంబుజం. ఈ నెల పద్దెనిమిదిన, ఆదివారం, చెంజి అవతలి కొండ దిగుతుండగా. ఎడమకాలు, మోకాలి కింద రెండు ఎముకలు. లోపల పలక వేసి బిగించారు. ముప్పై నాలుగేళ్ళుగా ల్యాబులో నా పక్క స్టూలుమీద కూర్చున్న మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆదివారాలు కొండలమీద నా వెనుక నడిచిన మనిషి.

ఈ ఉదయం కూరగాయల అంగడివాడు నలుగురిలో అడిగాడు.

"ఏం పెద్దమ్మా, కొండమీంచి దొర్లినారంటనే? నడవొచ్చునా మీరు?"

"దొర్లి ఉంటే నీ అంగడిదాకా ఎట్లా వచ్చినాను? ఎగురుకుంటానా?"

"అది సరే. అయినా ఈ వయసులో కొండ దేనికి? ఇంట్లో సుమ్మా కూచోవచ్చు గదా."

"సుమ్మా నువ్వు కూచో. ముందు ఈ ముదురు వంకాయలు తీసి లేతవి వెయ్యి."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. తొమ్మిది రోజులుగా ఏదీ రావడం లేదు.

ఇది తెలుగులో రాస్తున్నాను. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారే తప్ప చదవరు, బడి చదువంతా తమిళమే. నెల్లూరులో కెమిస్ట్రీ చదివిన మూడేళ్ళలో హాస్టలు పిల్లల దగ్గర పట్టుబట్టి నేర్చుకున్న లిపి ఇది. బల్లమీద తెరిచి పెట్టినా భయం లేదు.

జనవరి 28

నటేశన్ ఫోను చేశాడు. చిన్న పరిశ్రమల సంఘానికి కార్యదర్శి. ఫిబ్రవరి పదిహేనున వాళ్ళ సభలో "కొండలెక్కడం కొలువుకు ఏం నేర్పుతుంది" అన్న విషయంమీద మాట్లాడతానని డిసెంబరులోనే ఒప్పుకున్నాను.

"అమ్మా, మీకు ఇప్పుడు మనసు సరిలేకుంటే వేరే ఎవర్నయినా..."

"నా మనసుకు ఏమైంది?"

"ఏం కాలేదమ్మా. ఏమీ కాలేదు. నోటీసు ప్రింటుకు ఇచ్చేస్తా."

జనవరి 29

ప్రసంగానికి ఆలోచించుకున్నవి. బృందం వేగమంటే అందరికంటే నిదానంగా నడిచేవారి వేగమే, ఆఫీసులోనూ అంతే. ఎవరి సంచి వారే మోయాలి. ఎక్కేటప్పుడు మాటలు తగ్గించుకోవాలి, ఊపిరి మిగులుతుంది.

తరువాత, తిరిగే వేళ. మా బృందంలో ఇది నియమం. పొద్దున కొండ అడుగున నిలబడినప్పుడే వెనక్కి తిరిగే వేళను నిర్ణయించుకుంటాము. ఎండాకాలమైతే తొమ్మిదిన్నర, చలికాలమైతే పదిన్నర. ఆ వేళకు శిఖరం వంద అడుగుల దూరంలో ఉన్నా తిరిగిపోవలసిందే, ఎందుకంటే దిగే దారి మిగిలే ఉంటుంది, ఆ పైన బండ కాలిపోతుంది. వేళయిందని చెప్పే అధికారం ముందు నడిచే నాయకురాలికి లేదు. అందరికంటే వెనుక వచ్చే మనిషికే ఉంది. మావాళ్ళు ఆ మనిషిని కడేసి ఆళు అంటారు. ముందున్నవారికి శిఖరం కనిపిస్తుంది, వెనుక ఉన్నవారికి మనుషులు కనిపిస్తారు. ఈ నియమం పెట్టినది నేనే.

ఈ చివరి పేరా కొట్టివేశాను. సభకు అవసరం లేదు.

జనవరి 31

సారంలో అంబుజం ఇంటికి వెళ్ళాను. చెల్లెలి కూతురు కనిపెట్టుకుని ఉంది. కాలికింద రెండు దిండ్లు.

"కుర్చీ ఇట్లా లాక్కో అక్కా. అంత దూరం ఏంది, విరిగిన కాలు అంటుకుంటాదనా?"

"నొప్పి ఉందా?"

"ఉండాది. నా కాలే గదా, నాకే ఉంటాది. ల్యాబు సంగతి చెప్పు. నా స్టూలుమీద ఎవరు కూచోనుండారు?"

"ఎవరూ లేరు. నువ్వొచ్చేదాకా అది ఖాళీయే."

సంతోషిస్తుందనుకున్నాను. కనుబొమలు ముడిచింది.

"మరి పక్కన కూచోని రంగు చూసేది ఎవరు?"

"నేనే చూసుకుంటున్నాను."

"రంగు నువ్వే, కొళాయి నువ్వేనా? ఆర్తిని కూచోబెట్టుకోరాదా అక్కా?"

"ఆర్తికి ల్యాబులో దాని పని ఉంది."

కొండ ప్రసక్తి ఆమె తేలేదు. నేనూ తేలేదు. మందులవల్ల మరచిపోయి ఉండవచ్చు.

ఫిబ్రవరి 1, ఆదివారం

కొండకు పోలేదు.

ఫిబ్రవరి 3

పద్దెనిమిదో తేదీ సంగతి ఒకసారి క్రమంగా రాసి పెట్టుకోవడం మంచిది.

పదకొండు మందిమి. ఆరున్నరకు ఎక్కడం మొదలుపెట్టాము. ముందు నేను, చివర అంబుజం. తిరిగే వేళ పదిన్నర. ఆ రోజు గాలి బలంగా ఉంది. పదిన్నరకు అంబుజం కేక వేసిందట, నాకు వినబడలేదు. పదకొండుంబావుకు పైకి చేరాము, ఫోటో తీసుకున్నాము. దిగేటప్పటికి బండ కాలుతోంది. పన్నెండు దాటాక ఆమెకు తల తిరిగింది, కాలు జారింది. మా తమ్ముడి కొడుకు శరవణన్, ఇంకో ముగ్గురు కలిసి దుప్పటితో డోలీ కట్టి కిందికి మోశారు. ఆమె సంచి నేను మోశాను. ఎవరి సంచి వారే మోయాలన్నది సాధారణ నియమం. అది అసాధారణ పరిస్థితి.

అంతే జరిగింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఫిబ్రవరి 5

ల్యాబు గుర్తింపు గడువు ముగుస్తోంది. పరిశీలకులు ఇరవై ఏడున వస్తారు. ఆలోగా నింపవలసిన ఫారంలో ఒక గడి ఉంది: రాబోయే రెండేళ్ళకు నివేదికలమీద సంతకం చేసే అధికారి పేరు. ల్యాబు పుట్టినప్పటినుంచి ఆ గడిలో ఉన్నది ఒకే పేరు.

శరవణన్ సాయంత్రం వచ్చి ఫారం చూశాడు.

"అత్తా, ఈ తడవ ఆర్తి పేరు రాసేయరాదా?"

"ఎందుకు?"

"ఊరికేనే. నీకూ డెబ్బై మూడు..."

"గడిలో వయసు అడగలేదురా. పేరే అడిగారు."

"సరే తల్లీ, సరే. నేను అడగలేదనుకో."

కాఫీ తాగి వెళ్ళాడు. గడి ఖాళీగానే ఉంచాను. నింపడానికి రెండు నిమిషాలు చాలు, ఇరవై ఏడు ఇంకా దూరం.

ఫిబ్రవరి 9

ఆర్తి మా దగ్గర చేరి పదకొండేళ్ళు. సూక్ష్మజీవుల పరీక్షలు, లోహాల పరీక్షలు ఆమెవి. నీళ్ళలో సున్నం ఎంతో కొలిచే కఠినత్వం పరీక్ష మాత్రం మొదటినుంచీ నా బల్లమీదిదే. బాహూరు చెరువు పక్క ఊరి పిల్ల. పొలం ఉన్న కుటుంబం. పెద్దగా నోరు విప్పదు. ఈ రోజు విప్పింది.

"మేడమ్, ఒక మాట. మా ఊరి బోరు సంగతి. డిసెంబరులో మన రిపోర్టు చూసి పంచాయతీవాళ్ళు మోటారుకు తాళం వేసేసినారు గదా."

"కఠినత్వం ఆరు వందల నలభై వచ్చింది. హద్దు ఆరు వందలు. తాళం వేయక దండ వేస్తారా?"

"కాదు మేడమ్. అమ్మ చెప్తా ఉంది, ముప్పై ఏండ్లుగా ఆ నీళ్ళే తాగినాం, పప్పు బాగానే ఉడికేదంట."

"అయితే ఇకమీద మీ అమ్మ పప్పు చూసి రిపోర్టు రాద్దామా?"

తల వంచుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను. జేబులోంచి చీటీ తీసి బల్లమీద పెట్టింది.

"శనివారం పోయినప్పుడు ఒక బాటిల్ తెచ్చినాను. హార్డ్‌నెస్ నేనే చేసినాను. మూడు తడవలు. ఐదు వందల నలభై."

"అప్పటి వానలు వేరు, ఇప్పటి ఎండ వేరు."

"అవును మేడమ్," అంది.

ఆమె వెళ్ళాక ఆలోచించాను. వానల తరువాత కఠినత్వం తగ్గాలి, ఎండలకు పెరగాలి. ఇక్కడ తలకిందులుగా వచ్చింది. దీనికీ ఏదో కారణం ఉంటుంది.

ఇప్పుడు ఆ వీధి ఆడవాళ్ళు చెరువు కట్ట దాటి కిలోమీటరు పైన నడిచి నీళ్ళు తెచ్చుకుంటున్నారట. ఇది ఆర్తి చెప్పలేదు. పట్టమ్మాళ్ చెప్పింది, ల్యాబులో గాజు సామాను కడుగుతుంది, అందరి ఊళ్ళ సంగతులూ ఆమె దగ్గర ఉంటాయి.

ఫిబ్రవరి 10

కారణం ఆలోచించలేదు. ప్రసంగం సాపు రాసుకున్నాను.

ఫిబ్రవరి 12

మూడు నివేదికలమీద సంతకం చేశాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

సభ జరిగింది. ఇరవై నిమిషాలు కాగితం చూడకుండా మాట్లాడాను. నిదానంగా నడిచేవారి వేగం గురించి, ఊపిరి దాచుకోవడం గురించి, ఎవరి సంచి వారు మోయడం గురించి. కుర్రవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు, రాసుకున్నారు కూడా. చివర ఒక అమ్మాయి లేచింది. పిండిమర యంత్రాలు తయారుచేసే యూనిట్ అట ఆమెది.

"మేడమ్, ఎప్పుడు ఆపెయ్యాలో ఎట్లా తెలుస్తాది?"

"ఆపడం గురించి చెప్పడానికి నేను రాలేదమ్మా," అన్నాను.

గట్టిగా చప్పట్లు కొట్టారు. నటేశన్ శాలువా కప్పాడు. మెడ దగ్గర గుచ్చుకుంది. చప్పట్లు ఎక్కడో పక్క వీధిలో కొడుతున్నట్టు వినిపించాయి. ఇంటికి వచ్చి పెరుగన్నం తిన్నాను.

ఆ అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు.

ఫిబ్రవరి 16

నటేశన్ ఆ వీడియోను అందరికీ పంపాడు. అంబుజానికీ పంపాడు. సాయంత్రం వెళ్ళేసరికి ఫోను పొట్టమీద పెట్టుకుని ఉంది.

"మొత్తం చూసినాను అక్కా. పట్టుచీర నీకు బాగుండాది. వాళ్ళ శాలువానే రొంబ చవక."

"మాటలు?"

"మాటలూ బాగుండాయి. పదిన్నర సంగతి ఒకటే చెప్పలేదే?"

"సమయం చాలలేదు."

"ఇరవై నిమిషాల్లోనా!"

నేను బల్లమీది మందుల చీటీ తీసి చదవబోయాను. ఆమె ఊరుకోలేదు.

"కాలు పోనీ అక్కా. కాలు అతుక్కుంటాది. నేను పదిన్నర అన్నాను. రెండు తడవలు అన్నాను. నువ్వు వెనక్కి తిరిగినావు, నన్ను చూసినావు. చూసి చెయ్యి ఊపినావు, వచ్చేయ్ వచ్చేయ్ అని. తొమ్మిది మంది నీ వెనక పోతా ఉంటే నేను ఒక్కదాన్నే దిగేదా? ల్యాబులోనూ ఇదే కథ. చాలక్కా చాలక్కా అని నేను అంటానే ఉంటా, నువ్వు ఇంకో చుక్క, ఇంకో చుక్క. ఆగస్టు నుంచీ చూస్తానే ఉండా. పక్కన నేను ఉండేది దేనికి మరి? సోకుకా?"

"మందుల మత్తులో ఏదో అంటున్నావు," అన్నాను.

"మందు ఆపి నాలుగు దినాలైంది," అంది.

బస్సు వేళయిందని లేచాను. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య నేను ఎప్పుడూ బస్సు ఎక్కలేదు.

ఫిబ్రవరి 17

కొండమీద ఆ రోజు గాలి లేదు.

ఫిబ్రవరి 19

మా ల్యాబులో కఠినత్వం పరీక్షకు ఇద్దరు కూర్చోవాలి. ఫ్లాస్కులో నీళ్ళు, రంగు మందు. చూడటానికి ద్రాక్షరసంలా ఎర్రగా ఉంటుంది. పైనుంచి గాజు గొట్టంలోని ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతూ పోతే ఒక చుక్క దగ్గర ఎరుపు పోయి నీలం వస్తుంది. ఆ చుక్క దగ్గర ఆపాలి. ఎన్ని మిల్లీలీటర్లు పోశామో అదే లెక్క. కొళాయి తిప్పేవారు ఒకరు, రంగు చూసేవారు ఒకరు. మొదటివారు తమ అంకెను సిరాతో రాస్తారు. రెండవవారు, తాము ఆపమన్న చోటి అంకెను, పక్కన పెన్సిలుతో రాస్తారు. రెండింటికీ మధ్య తేడా పదో వంతులు రెండు దాటితే మొత్తం పారబోసి మళ్ళీ చేయాలి. ఈ నియమం పెట్టినదీ నేనే.

ఈ రోజు ఆగస్టునుంచి నోటుపుస్తకం తిరగేశాను.

డిసెంబరు పదకొండు, బాహూరు పక్క ఊరి బోరు. సిరా: 12.8. పెన్సిలు: 10.8. సిరా అంకెతో ఆరు వందల నలభై వస్తుంది. పెన్సిలు అంకెతో ఐదు వందల నలభై. కింద నా సంతకం, ఎప్పటిలాగే చక్కగా ఉంది.

అటువంటివి నలభై ఒకటి. ప్రతి చోటా పెన్సిలు తక్కువ, సిరా ఎక్కువ. ఒక్కటీ మళ్ళీ చేయలేదు. అన్నీ నేను చూసినవే. చూశాననే ఇక్కడ రాయాలి. చూసినప్పుడల్లా అంబుజానికి చూపు తగ్గుతోందని అనుకున్నాను. పాపం, బయటపెడితే చిన్నబుచ్చుకుంటుందని ఒక్క మాట కూడా అనలేదు. నా మంచితనాన్ని నేను కొంత మెచ్చుకున్నాను కూడా.

జనవరి పద్దెనిమిది తరువాత పేజీల్లో పెన్సిలు గుర్తే లేదు. పంతొమ్మిది పరీక్షలు, సిరా ఒక్కటే. ఎంత శుభ్రంగా కనిపిస్తున్నాయో.

ఫిబ్రవరి 20

ల్యాబుకు వెళ్ళాను. వచ్చాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

అనుమానం అనుమానంగా ఉండిపోకూడదు, కొలవాలి. నిన్న కఠినత్వం ఎంతో తెలిసిన నీళ్ళు మూడు డబ్బాల్లో తయారుచేసి పెట్టాను. ఈ రోజు పట్టమ్మాళ్‌ను రమ్మన్నాను. తొమ్మిది ఫ్లాస్కులకు అంకెలు వేశాను. ఏ డబ్బా నీళ్ళు ఏ ఫ్లాస్కులో పోసేదీ ఆమె ఇష్టం, నాకు తెలియకూడదు.

"ఏంది పెద్దమ్మా, ఆదివారం పూట దాగుడుమూతలా?"

"ఎందులో ఏది పోశావో రాసి పెట్టుకో. నాకు చూపించకు."

"నాకు రాసేది యాడ వచ్చు? గీతలు పెట్టుకుంటా. ఒకటో డబ్బాకు ఒక గీత. సరియా?"

"సరి."

నేను గుమ్మం బయట నిలబడ్డాను. లోపల ఆమె తనలో తాను నవ్వుకుంటూ పోసింది. తరువాత తొట్టి దగ్గరకు పోయి గాజులు కడగడం మొదలుపెట్టింది.

నాలుగు ఫ్లాస్కులు ఒక్కదాన్నే చేశాను. ఐదోదానిలో చుక్కలు పడుతుండగా వెనుకనుంచి గొంతు.

"నీలం వచ్చేసింది పెద్దమ్మా."

"నువ్వు నీ పని చూడు."

"నా పనే చూస్తా ఉండా. వచ్చేసి శానా సేపైంది గదా అని..."

కొళాయి కట్టేశాను. ఫ్లాస్కును కిటికీ దగ్గరకు తీసుకుపోయి వెలుగుకు పట్టాను. అది నాకు ఎరుపూ కాదు, నీలమూ కాదు. కషాయం రంగు. అయిదు నిమిషాలు పట్టుకుని ఉన్నాను. అది మారలేదు.

"ఇట్లా రా," అన్నాను. "ఆ స్టూలుమీద కూర్చో. మిగిలిన నాలుగింటికీ నువ్వు చెప్పు, నేను తిప్పుతాను."

"ఇది అంబుజమ్మ స్టూలు గదా. నేను కూచోవచ్చునా?"

"కూర్చో."

తడి చేతులు చీరకు తుడుచుకుని కూర్చుంది. నాలుగింటికీ చెప్పింది. "ఇప్పుడు." "ఊహూఁ, ఇంకా లేదు... ఇప్పుడు." "ఆ, చాలు చాలు!" తరువాత గీతల చీటీ తెచ్చి సరిచూశాను. ఆమె చెప్పిన నాలుగూ పదో వంతు తేడా లేకుండా సరిపోయాయి. నేను ఒక్కదాన్నే చేసిన నాలుగింటిలో ఒక్కటీ దగ్గరకు రాలేదు.

"నువ్వు బాగా చూశావు," అన్నాను.

"దీంట్లో ఏముంది పెద్దమ్మా. కండ్లు ఉండాయి, చూసినా."

ఆమెకు టిఫిన్ తెప్పించాను. నేను తినలేదు, ఆకలి లేదు, బాధా లేదు. ఫ్లాస్కులన్నీ నేనే కడిగాను.

ఫిబ్రవరి 23

కంటి డాక్టరు రెండు కళ్ళలోనూ పొర ఉందన్నాడు. పసుపు తిరిగిందట, నీలాన్ని ముందుగా అది మింగేస్తుందట. చిన్న కోతతో పోతుందట. ఎప్పటినుంచి ఇట్లా ఉందని అడిగాడు. ఆగస్టు అన్నాను. బయట ఒక మనిషితో ఆ నెల పేరు చెప్పడం అదే మొదటిసారి.

శరవణన్ నన్ను బండిమీద తీసుకువచ్చాడు. దారిలో సిగ్నలు దగ్గర ఆగినప్పుడు అతనికి మొత్తం చెప్పేశాను, సిరా, పెన్సిలు, అన్నీ. పచ్చదీపం వచ్చినా కదలలేదు. వెనుకవాళ్ళు హారన్లు కొట్టారు. ఇంటి దగ్గర దిగాక అన్నాడు:

"దీనికి ఇంత దిగులేంది అత్తా? ఆపరేషన్ చేసుకుంటే నెలలో సరిపోతాది. గడిలో నీ పేరే రాసేయ్. పాత రిపోర్టులు ఎవరు తిరగేస్తారు?"

"బాహూరు?"

"ఆర్తి చేసింది గదా మళ్ళీ. అది పంపించెయ్, కొత్త రిపోర్టని. తాళం తీసేస్తారు. ఎవరికీ ఏమీ తెలీదు."

ప్రేమతోనే అన్నాడు. అన్నదాంట్లో ఆచరణకు కుదరనిది ఏదీ లేదు. నన్ను ఆశ్చర్యపరచినది ఒకటే: ఆ ఆలోచన గురువారం రోజే నాకూ వచ్చింది, అవే మాటల్లో.

సభలో ఆ అమ్మాయి అడిగినదానికి ఇప్పుడైతే ఇలా చెబుతాను. ఆపవలసిన వేళ అక్కడికి చేరాక తెలియదు. చేరాక తెలిసేది ఒకటే, శిఖరం దగ్గరలో ఉందని. కొండమీద మేము ఏదో తప్పు చేశామని తిరగము. పదిన్నర అయిందని తిరుగుతాము. అందులో సిగ్గు లేదు, మరుసటి ఆదివారం మళ్ళీ వెళతాము. ఆ వేళను అడుగున, ఇంకా కాళ్ళలో బలం ఉండగా, మరొకరి చేతికి అప్పగించేది అందుకే. కొలువులో నేను ఎవరికీ ఏ వేళా అప్పగించలేదు. ఒక పెన్సిలు ఇచ్చాను. ఆమె ఆ పెన్సిలుతో ఆగస్టునుంచీ ప్రతి పేజీమీదా చెబుతూ వచ్చింది. నేను చేయి ఊపుతూ వచ్చాను.

ఈ జవాబుకు చప్పట్లు రావు.

ఫిబ్రవరి 24

ల్యాబుకు సాయంత్రం వెళ్ళాను. రాయవలసినదేమీ లేదు.

ఫిబ్రవరి 25

అంబుజానికి ఫోను చేశాను.

"నాకు వినబడింది," అన్నాను.

"ఏంది అక్కా?"

"పదిన్నర. రెండుసార్లూ వినబడింది."

"తెలుసు."

"చేయి ఊపాను."

"అదీ తెలుసు. చూసింది నేనే గదా."

అవతల ఆమె దిండు సర్దుకున్న చప్పుడైంది. తరువాత,

"కండ్లకు పొరంట గదా? శరవణన్ చెప్పినాడు. అయితే శుక్రవారం వాళ్ళొచ్చినప్పుడు ఏం చేస్తావు?" అంది.

"ఆలోచిస్తున్నాను."

"ఆలోచించు. మాటకు ఒకసారి నన్నూ అడుగు. సరే, పెట్టేస్తా ఉండా, సీరియల్ వచ్చేసింది."

ఏడుపు వస్తుందేమోనని కుర్చీలో కూర్చున్నాను. రాలేదు. లేచి దీపం వేశాను.

ఫిబ్రవరి 26, గురువారం

అందరూ నేను ఏదో తేల్చుకోలేకుండా ఉన్నానని అనుకుంటున్నారు. శరవణన్ పొద్దున మళ్ళీ వచ్చి ఆపరేషన్ తేదీలు చెప్పాడు. ఆర్తి మధ్యాహ్నం తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, ఆ ఫారం రేపటికి... నేనేమన్నా టైప్ చేసేదా?" అంది. అక్కరలేదన్నాను.

మంగళవారం పొద్దున పది గంటలకు తపాలా కార్యాలయంలో యాభై తొమ్మిది రిజిస్టరు ఉత్తరాలు ఇచ్చాను. అన్నింటిలోనూ ఒకే మాటలు. మీ నీటి కఠినత్వంపై మేమిచ్చిన నివేదికను వెనక్కి తీసుకుంటున్నాము. పరీక్ష చేసినది, సంతకం చేసినది నేను. నా చూపు సరిగా లేదు. పెన్సిలు ఉన్న నలభై ఒక్కరికి ఇంకో వాక్యం: రెండవ పరిశీలకురాలు ఎస్. అంబుజం సరైన అంకెను అప్పుడే నమోదు చేశారు, నేను దాన్ని లెక్కచేయలేదు.

అరవయ్యోది తపాలాకు ఇవ్వలేదు. బాహూరు బస్సెక్కి నేనే తీసుకువెళ్ళాను. ఆ ఊరి పంచాయతీ గుమాస్తా రెండుసార్లు చదివాడు.

"మీ రిపోర్టు తప్పని మీరే రాసిస్తారా అమ్మా? ఇట్లా ఎవరూ రాసియ్యరే."

"రసీదు ఇవ్వండి."

"ఇస్తా, ఇస్తా. కూచోండి. సోడా తాగుతారా?"

"వద్దు. రసీదు చాలు."

ఫారం కూడా అదే రోజు వెళ్ళింది. గడిలో ఆర్తి పేరు రాశాను. ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుంది, లేదా నన్ను చూసి జాలితో ఒప్పుకుంటుంది. రెండూ నాకు అక్కరలేదు. అంబుజాన్ని కూడా అడగలేదు. నిన్న ఆమె అడగమన్నప్పుడు ఉత్తరాలు వెళ్ళి ఒక రోజు దాటింది; ఆ సంగతి చెప్పలేదు. ఈ గుణం నాలోంచి పోలేదు, పోతుందని కూడా రాయను.

పరిశీలకులు రేపు పది గంటలకు వస్తారు. వాళ్ళు అడిగే మొదటి ఫైలు పైననే అరవై రసీదులూ గుచ్చి పెట్టాను. గుర్తింపు ఉంచవచ్చు, తీసేయవచ్చు. తీసేస్తే ఆర్తికీ, పట్టమ్మాళ్‌కూ నామీద కోపం వస్తుంది. అది న్యాయమే. వాళ్ళకు రేపు తొమ్మిదింటికి చెబుతాను, వినడానికి గంట వ్యవధి ఉంటుంది. నా సంతకంతో ఇక ఏ నివేదికా బయటికి వెళ్ళదు. అది మంగళవారమే అయిపోయింది.